వాషింగ్టన్‌తో నది దాటిన తాత: ఇంట్లో చెప్పే కథకు కాగితం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది తెనాలి. ఇరవయ్యేళ్లుగా కెంటకీలోని లూయివిల్‌లో ఉంటున్నాను. మా వారిది ఇక్కడి కుటుంబమే. వాళ్ల పూర్వీకుల్లో ఒకాయన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్‌తో కలిసి డెలావేర్ నది దాటాడనీ, ఆ సేవకు మెచ్చి కెంటకీలో భూమి ఇచ్చారనీ మా అత్తగారు చెబుతారు. ఆవిడ దగ్గర ఒక పాత బైబిల్ ఉంది. అందులో పుట్టిన తేదీలు, పెళ్లి తేదీలు రాసి ఉన్నాయి. పద్నాలుగేళ్ల మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఈ విషయం పట్టుకుంది. ఒక వెబ్‌సైట్‌కి డబ్బు కట్టి పేరు కొడితే, రెండు గంటల్లో ఇంగ్లండ్ ప్రభువుల దాకా వంశవృక్షం వచ్చేసింది. నమ్మొచ్చా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో మాట. "నేను సగం తెలుగుదాన్ని కదా, నేనూ ఆయన మనవరాలినేనా?" అని అమ్మాయి అడిగింది. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. అవును, మనవరాలే. సగం, పావు అన్న లెక్క ఇందులో లేదు. ఆ సైనికుడి నుంచి వాళ్ల నాన్న దాకా, నాన్న నుంచి తన దాకా తరం తరానికీ కాగితం చూపించగలిగితే చాలు. 1890లో మొదలైన 'డాటర్స్ ఆఫ్ ద అమెరికన్ రివల్యూషన్' అనే స్త్రీల సంఘం కూడా ఇదే అడుగుతుంది. అందులో చేరడానికి 18 ఏళ్లు నిండాలి. పిల్లల కోసం 1895 నుంచి వేరే సంఘం ఉంది. చేరడం చేరకపోవడం మీ ఇష్టం. కానీ "నేను ఈ కథలో ఉన్నానా" అన్న అనుమానం మాత్రం ఆ పిల్ల మనసులో ఒక్క పూట కూడా ఉండనివ్వకండి.

ఇక రెండు గంటల్లో వచ్చిన వంశవృక్షం. దాన్ని పక్కన పెట్టేయండి. అందులో ఉన్నవి చాలావరకు ఒకరి చెట్టు చూసి ఇంకొకరు ఎక్కించుకున్న పేర్లు. ఒకరు పొరపాటు పడితే వందమంది దాన్నే కాపీ చేస్తారు, వందమంది రాశారు కాబట్టి నిజమని నూట ఒకటోవారు నమ్ముతారు. ఏదైనా పేరు దగ్గర అసలు పత్రం స్కాన్ జతచేసి ఉంటే ఆ స్కాన్ చూడండి, అది పనికొస్తుంది. పత్రం లేని పేరును లెక్కలోకి తీసుకోవద్దు.

మొదలుపెట్టాల్సింది మీ అత్తగారి వంటింట్లో, ఆ బైబిల్ దగ్గర. తేదీలున్న పేజీ ఒక్కటే ఫోటో తీస్తే సరిపోదు. ముందున్న ముఖపత్రం కూడా తీయండి, ఆ ముద్రణ ఏ సంవత్సరం అచ్చయిందో అక్కడ ఉంటుంది. బైబిల్ 1840లో అచ్చయి, అందులో 1779లో పుట్టినవాళ్ల పేర్లున్నాయనుకోండి, అవి ఎవరో తర్వాత గుర్తు తెచ్చుకునో, పాత పుస్తకం నుంచి ఎత్తిరాసో పెట్టినవన్నమాట. తర్వాత సిరా చూడండి. పది మంది పిల్లల పుట్టుకలూ ఒకే చేతిరాతతో, ఒకే సిరా రంగుతో ఉంటే అన్నీ ఒకే రోజు కూర్చుని రాసినవి. ఏళ్లు గడిచేకొద్దీ రాసిన పేజీలో సిరా మారుతుంది, అక్షరం మారుతుంది, చివరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది కూడా. ఆ వణుకే గొప్ప సాక్ష్యం. ఫోటోలు తీసేటప్పుడే అత్తగారిని మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ ఊరు, ఏ చర్చి, ఎవరి సమాధి ఎక్కడ. వందేళ్ల కిందటి కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుంది. ఆవిడ జ్ఞాపకం ఆగదు.

అక్కడి నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్లండి. కెంటకీలో రాష్ట్రమంతటా జనన మరణ నమోదు 1911 నుంచి ఉంది. జనాభా లెక్కల కాగితాలు 1950 వరకు అందరికీ తెరిచి ఉన్నాయి. 1950 నుంచి వెనక్కి చూసుకుంటూ వెళ్తే 1890 దగ్గర ఒక గొయ్యి వస్తుంది. 1921లో వాషింగ్టన్ నగరంలో జరిగిన అగ్నిప్రమాదం వల్ల ఆ లెక్కలు దాదాపు పూర్తిగా పోయాయి. దాన్ని దాటి 1880, 1870, 1860, 1850 దాకా దారి బాగానే ఉంటుంది. 1850 ఈ దారిలో పెద్ద మలుపు. ఇంట్లో ఉన్న ప్రతి స్వతంత్ర వ్యక్తి పేరు, వయసు, పుట్టిన రాష్ట్రం రాసిన మొదటి జనాభా లెక్క అదే. అంతకుముందు ఇంటిపెద్ద పేరొక్కటే రాసి, మిగతావాళ్లను గడుల్లో అంకెలుగా వేశారు. పైగా కెంటకీకి సంబంధించి 1790, 1800 జనాభా లెక్కల కాగితాలు మిగల్లేదు. వాటి బదులు పన్ను జాబితాలు చూడాలి. కుర్రాడికి 21 ఏళ్లు నిండగానే పేరు పన్ను జాబితాలోకి ఎక్కుతుంది కాబట్టి, పేరు మొదటిసారి ఏ ఏడు కనిపించిందో చూస్తే వయసు అంచనాకొస్తుంది.

కాగితం ఎలా మాట్లాడుతుందో ఒక నిజమైన ఉదాహరణతో చెబుతాను. ఇది మీ ఊరిదే. అబ్రహాం లింకన్ అధ్యక్షుడని అందరికీ తెలుసు. ఆయన తాత పేరు కూడా అబ్రహాం లింకనే. 1744లో పెన్సిల్వేనియాలో పుట్టాడు, తండ్రితో వర్జీనియాలోని షెనాండోవా లోయకు వచ్చాడు, యుద్ధకాలంలో రాకింగ్‌హామ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మిలీషియాలో, అంటే స్థానిక పౌరుల దళంలో, కెప్టెన్‌గా ఉన్నాడు. తర్వాత పొలం అమ్ముకుని భార్యాపిల్లలతో కెంటకీ చేరాడు. లూయివిల్‌కు తూర్పున లాంగ్ రన్ అనే వాగు దగ్గర 400 ఎకరాలు తీసుకున్నాడు. 1786లో అడవి కొట్టి పొలం చేసుకుంటూ ఉండగా స్థానిక తెగవారి దాడిలో చనిపోయాడు. చిన్నకొడుకు థామస్ అప్పటికి ఎనిమిదేళ్లవాడు. ఆ పిల్లవాడే అధ్యక్షుడి తండ్రి.

ఇప్పుడు చూడండి. మనవడు పెద్దవాడయ్యాక తన కుటుంబం గురించి రాసినప్పుడు, తాత 1781లోనో 82లోనో కెంటకీకి వచ్చాడనీ, ఏడాది రెండేళ్లకే చనిపోయాడనీ రాశాడు. కాగితాలు చెప్పేది 1786. మసాచుసెట్స్‌లోని లింకన్లతో తమకు చుట్టరికం ఉందా అని చూస్తే మొర్దెకై, ఈనక్, సాలమన్ లాంటి పేర్లు రెండు వైపులా ఉన్నాయన్నంత వరకే తేలిందనీ రాశాడు. ఆయన పోయాక పరిశోధకులు దస్తావేజులు కలుపుకుంటూ వెళ్లి, 1637లో మసాచుసెట్స్‌లో దిగిన శామ్యూల్ లింకన్ వంశమే ఇదని నిరూపించారు. ఇక భూమి కాగితం చూస్తే అందులో ఇంటిపేరు లింకన్ అని లేదు, 'లింక్‌హార్న్' అని ఉంది. గుమస్తా చెవికి అలా వినబడింది, అలా రాశాడు. చనిపోయింది జెఫర్సన్ కౌంటీలో, ఆస్తి జాబితా దొరికింది నెల్సన్ కౌంటీ కోర్టు కాగితాల్లో. మీకు ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ఒక్క కుటుంబంలోనే ఉన్నాయి.

ఇంటిపేరు స్పెల్లింగ్ సంగతి మన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల పాస్‌పోర్టుల్లో చౌదరి మూడు రకాలుగా ఉంటుంది. అందుకే వెతికేటప్పుడు పేరును పైకి పలికి, ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే ఒక కాగితం మీద వేసుకోండి.

కౌంటీల విషయం మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 1776 చివర్లో కెంటకీ మొత్తం వర్జీనియాలో ఒక్క కౌంటీ. 1780లో ఫయెట్, జెఫర్సన్, లింకన్ అని మూడయ్యాయి. 1792 జూన్ 1న కెంటకీ విడి రాష్ట్రమైంది. ఇప్పుడు 120 కౌంటీలున్నాయి. మనిషి కదలకుండా అదే గుడిసెలో ఉన్నా పదిహేనేళ్లలో అతని కాగితాలు మూడు కౌంటీ ఆఫీసుల్లోకి వెళ్లిపోయి ఉండొచ్చు. మన దగ్గర ఒకే ఊరు ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లినట్టే. కాబట్టి "ఏ కౌంటీ" అని అడగడం సగం ప్రశ్నే. "ఏ సంవత్సరంలో ఏ కౌంటీ" అని అడగండి.

ఇంకో గట్టి హెచ్చరిక: ఒకే పేరున్న ఇద్దరు మనుషులు. మొదట్లో నేనే ఇందులో పడ్డాను. ఒక కుటుంబానికి సాయం చేస్తూ, ఒక కౌంటీలోని సైనికుడికీ అదే పేరున్న రైతుకీ ముడిపెట్టి ఎనిమిది నెలలు వెనక్కి వెళ్లాను. ఒక రోజు పన్ను జాబితాలో ఒకే పేజీలో ఆ పేరు రెండు చోట్ల కనిపించింది. ఒకరికి వాగు పక్కన భూమి, మరొకరికి భూమే లేదు, గుర్రం ఒక్కటే ఉంది. ఆ ఇంటి పెద్దావిడకు ఫోన్ చేసి "మీకు తప్పు తాతను చూపించానండీ" అని చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి పేరు కలిసిందని సంబరపడను. పక్కింటివాళ్లెవరు, సాక్షి సంతకం ఎవరిది, పెళ్లి పూచీపత్రం మీద ఎవరు నిలబడ్డారు, ఇవి చూస్తాను. పూచీ నిలబడేది మామూలుగా పెళ్లికూతురి తండ్రో అన్నదమ్ముడో. అప్పట్లో అపలాచియన్ కొండలు దాటి కెంటకీ వచ్చినవాళ్లు ఒంటరిగా రాలేదు. చుట్టాలు, చర్చివాళ్లు, ఇరుగుపొరుగు కలిసి బయల్దేరారు. మీ సైనికుడి జాడ తెగిపోతే పక్కింటాయన జాడ పట్టుకోండి, ఇద్దరూ వర్జీనియాలో ఒకే వాగు ఒడ్డున తేలే అవకాశం ఎక్కువ.

'జూనియర్' అని ఉంటే కొడుకే కానక్కర్లేదు, ఊళ్లో అదే పేరున్న చిన్నవాడు కావచ్చు. పాత కాగితాల్లో 'సన్ ఇన్ లా' అంటే ఒక్కోసారి సవతి కొడుకు. అన్న అంటే పెద్దనాన్న కొడుకు కూడా అయ్యే భాషలో పెరిగినవాళ్లం, ఇది మనకు తొందరగా అర్థమవుతుంది.

ఇప్పుడు మీ కుటుంబ కథకు వద్దాం. 1776 డిసెంబర్ 25 రాత్రి వాషింగ్టన్‌తో డెలావేర్ దాటినవాళ్లు సుమారు 2,400 మంది. వాళ్లలో వర్జీనియా రెజిమెంట్లవాళ్లున్నారు, కాబట్టి కథ అసాధ్యమేమీ కాదు. కానీ ఆ రాత్రి ఆయన ఏ రెజిమెంట్‌లో ఉన్నాడో, ఎప్పుడు చేరాడో తేలాలి. కొండల అంచున ఉండేవాళ్లలో చాలామంది మిలీషియాలో మూడు నెలలు, ఆరు నెలలు చొప్పున పనిచేశారు. కొందరు 1780 అక్టోబర్ 7న కింగ్స్ మౌంటెన్‌లో పోరాడారు, కొందరు 1782 ఆగస్టులో బ్లూ లిక్స్‌లో. అవేమీ తక్కువ సేవలు కావు. మీ పెద్దాయన డెలావేర్ దగ్గర లేడని తేలితే అమ్మాయి నిరాశపడకుండా చూడండి. అసలు ఎక్కడున్నాడో తెలుసుకోవడం ఇంకా గొప్ప విషయం.

"సేవకు మెచ్చి భూమి ఇచ్చారు" అన్నది మాత్రం తప్పకుండా పరీక్షించాలి. వర్జీనియా భూమి ఇచ్చింది సాధారణ మిలీషియాకు కాదు, మూడేళ్లో అంతకంటే ఎక్కువో రెగ్యులర్ దళాల్లో పనిచేసినవాళ్లకు. మూడేళ్లు చేసిన సిపాయికి 100 ఎకరాలు. ఆ భూములు కెంటకీలో గ్రీన్ నదికి దక్షిణాన, ఒహైయోలో సయోటో, లిటిల్ మయామి నదుల మధ్య ఉన్నాయి. మీకు ఎదురుగా, నది అవతల ఇండియానాలో, వర్జీనియా సేనాని జార్జ్ రోజర్స్ క్లార్క్ దళంవాళ్లకు ఇచ్చిన భూమి వేరు. అందులో సిపాయి వాటా 108 ఎకరాలు. చాలామంది సిపాయిలు తమ వారంటును, అంటే భూమికి హక్కిచ్చే పత్రాన్ని, వ్యాపారులకు తక్కువ ధరకు అమ్మేసుకున్నారు, ఆ భూమి మొహం కూడా చూడలేదు. కెంటకీలో ముందుగా స్థిరపడ్డవాళ్ల భూమిలో ఎక్కువ భాగం యుద్ధంతో సంబంధం లేకుండా వచ్చింది. 1778 జనవరి 1 కంటే ముందే అక్కడ కాపురం పెట్టినవాళ్లకు 1779 చట్టం కింద 400 ఎకరాలు, పక్కనే ఇంకో వెయ్యి ఎకరాలు కొనుక్కునే హక్కు వచ్చాయి. మిగతావాళ్లు ఖజానాకు డబ్బు కట్టి వారంటు కొనుక్కున్నారు, లింకన్ తాత లాగా. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రాష్ట్ర భూమి కార్యాలయం ఈ పాత పట్టాల స్కాన్లు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. వారంటు ఏ రకమో దాని మీదే ఉంటుంది.

ఆ సర్వే కాగితం చదివితే మన ఊరి దస్తావేజు చదివినట్టే ఉంటుంది. వాగు మలుపు దగ్గర తెల్ల ఓక్ చెట్టు నుంచి మొదలై, ఇన్ని పోళ్లు ఉత్తరానికి, రెండు బీచ్ చెట్ల దాకా, అక్కడి నుంచి ఫలానా ఆయన హద్దు వెంబడి, మళ్లీ మొదటి చెట్టు దాకా. పోల్ అంటే పదహారున్నర అడుగులు, నాలుగు పోళ్లు ఒక గొలుసు, 66 అడుగులు. తెలంగాణలో గుంట అంటే 33 అడుగుల చదరం, సరిగ్గా అర గొలుసు. అదే కొలత అక్కడికీ ఇక్కడికీ వచ్చింది. అమ్మాయిని గ్రాఫ్ కాగితం మీద ఆ హద్దులు గీయమనండి. పొలం ఆకారం బయటపడ్డప్పుడు ఆ పిల్ల మొహం చూడండి.

ఇన్ని చెప్పినా, నేను అన్నిటికంటే ముందు తీయమనేది పెన్షన్ ఫైలు. 1818లో పేదరికంలో ఉన్న రెగ్యులర్ సైనికులకు పెన్షన్ వచ్చింది. 1820లో ఆస్తి జాబితా ఇవ్వాలన్నారు. కట్టుబట్టలు, పక్కబట్టలు తప్ప ఉన్నదంతా ముసలాయన కోర్టులో చెప్పాలి. 1832 జూన్ 7 చట్టం మిలీషియావాళ్లతో సహా ఆరు నెలలు పనిచేసిన ప్రతివాడికీ దారి తెరిచింది. అప్పటికి యుద్ధం ముగిసి యాభై ఏళ్లు. డెబ్భై, ఎనభై ఏళ్ల వృద్ధులు కౌంటీ కోర్టులో నిలబడి ప్రమాణం చేసి చెప్పారు. ఎక్కడ పుట్టావు, ఏ సంవత్సరం? వయసుకు రుజువేమైనా ఉందా? సైన్యంలో చేరేటప్పుడు ఎక్కడ ఉన్నావు, తర్వాత ఎక్కడెక్కడ ఉన్నావు? నీ అంతట నువ్వు చేరావా, పిలుపొచ్చిందా, ఇంకొకరి బదులు వెళ్లావా? నీ అధికారులెవరు? నీ గురించి చెప్పగల ఇరుగుపొరుగు ఎవరు? వంశ చరిత్రకు ఇంతకంటే మంచి ప్రశ్నలు మనం కూడా వేయలేం. గుమస్తా రాస్తూ పోయాడు, చివర ముసలాయన సంతకం పెట్టాడు, చదువు రాకపోతే గుర్తు పెట్టాడు. ఆ అడ్డదిడ్డం గీత మీద వేలు పెట్టి చూసినప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇలాంటి ఫైళ్లు సుమారు 80,000. నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఫైలు నంబరు ముందు ఎస్ ఉంటే బతికున్న సైనికుడిది, డబ్ల్యూ ఉంటే వితంతువుది, ఆర్ ఉంటే తిరస్కరించినది. తిరస్కరించినదాన్ని వదిలేయకండి, వాంగ్మూలం అందులోనూ అంతే ఉంటుంది. వితంతువు ఫైలు దొరికితే అదృష్టమే. పెళ్లి రుజువు చేసుకోవాలి కాబట్టి కొందరు తమ బైబిల్లోంచి పేజీ చింపి పంపించారు. ఆ పేజీలు నేటికీ ఫైళ్లలో ఉన్నాయి. మీ బైబిల్లో ముందు ఒక పేజీ చిరిగిపోయి ఉందేమో చూడండి.

ఫైలు దొరక్కపోతే ఆయన సైనికుడు కాదని కాదు. 1818 దాకా బతకనివాళ్లెందరో. లింకన్ తాతకు పెన్షనే లేదు. పైగా 1800 నవంబర్‌లో యుద్ధశాఖ కార్యాలయం కాలిపోయి అంతకుముందరి కాగితాలు చాలా పోయాయి. అప్పుడు భూమి, కోర్టు కాగితాలే దిక్కు. 1840 జనాభా లెక్కలో పెన్షన్ తీసుకునే వృద్ధుల పేరూ వయసూ, ఎవరి ఇంట్లో ఉంటున్నారో కూడా రాశారు. ముసలాయన సాధారణంగా కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో ఉంటాడు, అంటే ఒక తరం ముడి అక్కడే పడుతుంది. మీ ఊళ్లోనే 1884లో పెట్టిన ఫిల్సన్ హిస్టారికల్ సొసైటీ అనే చరిత్ర సంఘం ఉంది. సెలవు రోజుల్లో అమ్మాయిని తీసుకెళ్లండి.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. వీలునామాలు, ఆస్తి జాబితాలు తెరిచినప్పుడు ఆవు, మంచం, నాగలి వరుసలోనే ఒక మనిషి పేరు, పక్కన ధర కనిపించవచ్చు. ఆ పేజీ దాటేసి ముందుకెళ్లొద్దు. ఆ పేరు కూడా రాసుకోండి, ఆ జాబితా ఎక్కడుందో నలుగురికీ తెలిసేలా పెట్టండి. ఆ బానిస సంతతివాళ్లకు తమ పూర్వీకుడి పేరు కనిపించే చోటు భూమ్మీద అదొక్కటే కావచ్చు. అలాగే ఆ 400 ఎకరాలు ఖాళీగా పడిలేవు. షానీలు, చెరోకీలు అనే స్థానిక తెగలవాళ్లు వేటాడుకుని బతికిన నేల అది. 1775లో సికమోర్ షోల్స్ దగ్గర చెరోకీ పెద్దలు కొందరు ఒక భూమి కంపెనీకి అమ్మినప్పుడు, డ్రాగింగ్ కనూ అనే యువ నాయకుడు ఒప్పుకోక పోరాటానికి దిగాడు. పద్నాలుగేళ్ల పిల్ల ఇది అర్థం చేసుకోగలదు. తాత ధైర్యాన్నీ, ఆ నేల పోగొట్టుకున్నవాళ్ల బాధనూ ఒకే ప్రాజెక్టులో రాయమనండి.

ప్రాజెక్టులో తెనాలికీ చోటుంది. 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో ఓడిన బ్రిటిష్ సేనాధిపతి కార్న్‌వాలిస్. ఐదేళ్లకు గవర్నర్ జనరల్‌గా ఇండియాకు వచ్చాడు. 1793లో బెంగాల్లో ఆయన తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి మన ఉత్తర సర్కార్లలోనూ, అంటే గుంటూరు సీమతో సహా కోస్తా తెలుగు ప్రాంతంలోనూ, అమలు చేశారు. తండ్రి వైపు తాత ఏ సైన్యం మీద పోరాడాడో, దాని సేనాధిపతి తెచ్చిన పద్ధతే తల్లి వైపు ముత్తాతల కాలంలో ఉత్తర సర్కార్లలో జమీందార్ల లెక్కలు రాసింది. ఇది నేను కల్పించి కలిపిన చుట్టరికం కాదు, తేదీలతో సహా చూపించవచ్చు.

ఈ శనివారం బైబిల్ ముఖపత్రం, తేదీల పేజీ, ఆ పేజీకి వెనకవైపు, మూడూ పగటి వెలుతురులో ఫోటోలు తీయండి. తర్వాత 1850 జనాభా లెక్కలో ఆ కుటుంబం ఏ కౌంటీలో ఉందో పట్టుకోండి. ఆ కౌంటీ పేరు తెలిసిన రోజు నాకు మళ్లీ రాయండి, అక్కడి నుంచి పన్ను జాబితాలు ఎలా చదవాలో చెబుతాను.